వరహాలమ్మ చిప్పు

వీపు ఊడని ఫోను కావాలని అడిగి మరీ కొనుక్కున్న మనిషి పాతపట్నం మొత్తానికి ఝాన్సీ ఒక్కతే.

"వదినా, నా మాట ఇను. ఇది వద్దు," అన్నాడు సెల్‌షాపు గిరిబాబు. అమ్ముకునేవాడే వద్దంటున్నాడంటే ఆ ఫోను ఎంత గొప్పదో చెప్పక్కర్లేదు. "దీని వీపు తియ్యడానికి అవదు. బ్యాటరీ పోతే ఫోనే పారెయ్యాల. సిప్పు ఎట్టుకోడానికి సోటు లేదు. పదహారు జీబీ అని డబ్బా మీద రాస్తాడు గానీ సగం వాడి సామానే ఉంటాది. మీ అత్తమ్మ వాడకానికి ఇది ఆగదు."

"చిప్పు పట్టదు కదా?" అంది ఝాన్సీ.

"అదే కదా సెప్తన్నాను. పట్టదు."

"ఏం చేసినా పట్టదా?"

"సుత్తెట్టి కొట్టినా పట్టదు."

"అయితే ఇదే ఇయ్యి."

గిరిబాబు ఆవిడ మొహంలోకి ఓసారి చూసి, డబ్బా కట్టి ఇచ్చాడు. చదువుకున్న ఆడవాళ్ళకే తెలివి తక్కువని తీర్మానించుకుని ఉంటాడు. అతగాడి తీర్మానాలు ఝాన్సీకి కొత్త కాదు. ఈ ఊళ్ళో ఆవిడ మీద తీర్మానం చెయ్యనివాళ్ళెవరు? దానికంతటికీ మూలం వేలిగోరంత చిప్పు.

మెమరీ కార్డుని అక్కడ చిప్పు అంటారు. ఝాన్సీ అత్తగారు వరహాలమ్మ ఫోనులో ఒక చిప్పు ఉండేది. దాంట్లో ఒక కథ ఉండేది. ఆ కథలో ఝాన్సీకి ఒక తిట్టు ఉండేది.

మార్గశిరమాసం వచ్చిందంటే బజారు వీధి ఆడవాళ్ళు లక్ష్మివారం లక్ష్మివారం పూజ చేసుకుంటారు. తెల్లారకుండా గడపలు కడిగి, బియ్యప్పిండితో లక్ష్మీదేవి పాదాలు వేసి, కుంచం నిండా కొత్తధాన్యం పోసి పసుపు కుంకుమలు పెడతారు. తర్వాత అక్షింతలు గుప్పిట్లో పట్టుకుని కథ వినాలి. ఆ కథ చెప్పే పెత్తనం వరహాలమ్మది. వాళ్ళ అత్తగారు ఆవిడకి ఇచ్చి పోయారు. చింతపండూ పసుపూ కొండచీపుర్లూ టోకున అమ్మే ఇల్లు కాబట్టి పెత్తనానికి లోటు లేదు. కథ మొదలుపెట్టాక ఎవరూ లేవకూడదు. లేచినవాళ్ళు మళ్ళీ మొదట్నుంచీ వినాలి. ఇది ఏ పుస్తకంలోనూ లేని రూలు, వరహాలమ్మ పెట్టిన రూలు.

ఆరేళ్ళ కిందట ఝాన్సీ భర్త ఉపేంద్ర తల్లికి కొత్తగా టచ్‌ఫోను కొన్నాడు. అమ్మ గొంతు రికార్డు చేసి పెడితే ఏటా ఆయాసపడి చెప్పక్కర్లేదని అతనికొక ఆలోచన వచ్చింది. ఉపేంద్రకి ఆలోచనలు రావడం తక్కువ. వచ్చినప్పుడల్లా ఇంట్లో ఎవరో ఒకరికి మూడుతుంది. ఆ లక్ష్మివారం ఫోనుని కుంచానికి ఆనించి, మీట నొక్కేసి షాపుకి వెళ్ళిపోయాడు.

ఝాన్సీకి అప్పుడు ఏడో నెల. అందరితో పాటు గుప్పిట బిగించుకుని కూర్చుంది. కథ సగానికి వచ్చింది. లక్ష్మీదేవి ముసలమ్మ వేషంలో ఏడిళ్ళు తిరుగుతుంది, ఆరిళ్ళలో కోడళ్ళు నిద్ర లేవరు, ఏడో ఇంట్లో కోడలు వాకిలి చిమ్ముతూ ఉంటుంది. "అప్పుడు లచ్చిందేవి కుడికాలు గడప మీద ఎట్టి ఆ కోడలితో ఏటందంటే," అని వరహాలమ్మ రాగం తీసింది. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది. వరహాలమ్మ రాగం ఆపకుండా, అదే ఊపులో, గొంతు మాత్రం పెంచి, "ఒసే ఝాన్సీ, మొద్దుమొకమా, పాలు పొంగిపోతన్నాయి సూడవేటి? ముద్ద మింగడానికి తప్ప లేవవేటే?" అంది. అని, ఊపిరి తీసుకుని, "అనీసరికి ఆ కోడలు తలొంచుకుని లోపలికెళ్ళి పాలు తెచ్చింది," అని కథలోకి వెళ్ళిపోయింది.

లక్ష్మీదేవి అనాల్సిన మాట ఎగిరిపోయింది. దాని చోట్లో ఝాన్సీ తిట్టు అతుక్కుంది. పాలు కూడా కలిసొచ్చాయి.

లేవకూడదన్నదీ ఆవిడే, లేవలేదని తిట్టిందీ ఆవిడే. ఝాన్సీ బరువుగా లేచి వెళ్ళి పాలు దింపింది. తిరిగొచ్చేసరికి కథ అయిపోయి అందరూ అక్షింతలు వేసేశారు. మధ్యలో లేచావు కాబట్టి మళ్ళీ మొదట్నుంచీ విను అని వరహాలమ్మ ఫోను ముందు కూర్చోబెట్టింది. ఖాళీ సావిట్లో ఒక్కతీ కూర్చుని, కడుపులో పిల్ల తన్నుతూ ఉంటే, అరగంట కథ మళ్ళీ విన్నది. తిట్టు దగ్గరికి వచ్చేసరికి ఫోను మళ్ళీ తిట్టింది. మనిషి తిడితే ఒకసారితో పోతుంది. యంత్రానికి సిగ్గూ లేదు, అలుపూ లేదు.

"ఆ ముక్క తీసేసి మళ్ళీ రికార్డు చెయ్యండి," అని భర్తని ఆ సాయంత్రమే అడిగింది.

"ఎవరు పట్టించుకుంటారే," అన్నాడు ఉపేంద్ర.

అందరూ పట్టించుకున్నారు. మజ్జిగ తోడు అడిగినట్టు ఇంటింటి నుంచీ వచ్చి చిప్పు అడిగి పట్టుకెళ్ళారు. గిరిబాబు షాపులో పెట్టి తమ చిప్పుల్లోకి ఎక్కించుకున్నారు. గిరిబాబు ఒక కాపీ తన కంప్యూటరులో దాచుకుని, ఏటా మార్గశిరానికి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కొట్టి ఇచ్చాడు. పర్లాకిమిడి దాకా వెళ్ళింది. ఝాన్సీ పుట్టిల్లు చీపురుపల్లి. అక్కడ రైల్వేస్టేషను దగ్గర ఎదురింటివాళ్ళు కూడా అదే పెట్టుకున్నారు. అది విని ఝాన్సీ తల్లి ఫోన్ చేసి, "నిన్నేనేటే అంటంది?" అని అడిగింది. కాదమ్మా, కథలో కోడలి పేరు కూడా ఝాన్సీయే అని ఝాన్సీ చెప్పింది. అమ్మ నమ్మలేదు. నమ్మినట్టు ఊరుకుంది. ఆ ఊరుకోవడం ఝాన్సీకి తిట్టు కన్నా ఎక్కువ మండింది.

ఒకసారి సిగ్గు చంపుకుని గిరిబాబునే అడిగింది, ఆ ముక్క కోసేసి అమ్మమని.

"భలేదానివి వదినా. ఆ ముక్క ఉంటేనే ఒరిజినలు. అది లేపోతే నకిలీ అని మొకం మీద కొడతారు," అన్నాడు వాడు.

ఇదీ బజారు వీధి భక్తి. లక్ష్మీదేవి మాట పోయిందని ఒక్కరూ అడగలేదు. ఝాన్సీ తిట్టు పోతే మాత్రం నకిలీ.

పోనీ ఆ ఫోనన్నా చస్తుందేమోనని ఝాన్సీ ఆశపెట్టుకుంది. అది చస్తేనా! బ్యాటరీ పోతే ఇంకో బ్యాటరీ తెచ్చారు. అదీ ఉబ్బి వీపుని పైకి తంతే రబ్బరుబ్యాండు వేశారు. వీపు పగిలితే గిరిబాబు ఇంకో వీపు తగిలించాడు. ఫోను బిగుసుకుపోయినప్పుడల్లా వరహాలమ్మ వీపు ఊడదీసి, బ్యాటరీని చీరచెంగుకి తుడిచి, మళ్ళీ పెట్టి నొక్కేది. బతికేది. రెండో బ్యాటరీ ఎప్పుడూ కిటికీలో క్లిప్పు ఛార్జరుకి కరుచుకుని ఎర్రలైటూ పచ్చలైటూ వేస్తూ ఉండేది. అవయవాలన్నీ మారిపోయినా ఆ ఫోను గొంతు మాత్రం మారలేదు. ఆరేళ్ళు అదే తిట్టు, అదే రాగం.

ఝాన్సీ ఇంకా ఓర్చుకునేదే. కానీ ఈ ఏడు కార్తీకంలో కూతురు బిందు బడిలో టీచరమ్మ పిల్లల్ని తలా ఒక కథ చెప్పమంది. బిందు లేచి లక్ష్మివారం కథ చెప్పింది. రాగంతో సహా చెప్పింది. గడప దగ్గరికి వచ్చి, చెయ్యి తిప్పుతూ, "ఒసే ఝాన్సీ, మొద్దుమొకమా" అని గట్టిగా చదివింది. క్లాసంతా చప్పట్లు కొట్టారు. "మీ పాప భలే చెప్పిందండీ," అని టీచరమ్మ గేటు దగ్గర నవ్వు ఆపుకుంటూ చెప్పింది. ఇంటికొచ్చే దారిలో బిందు అడిగింది: "అమ్మా, లచ్చిందేవికి నువ్వంటే ఎందుకు కోపం?"

ఆ మర్నాడే ఝాన్సీ జాకెట్లు కుట్టి కూడబెట్టిన డబ్బు తీసుకుని గిరిబాబు షాపుకి వెళ్ళింది. చిప్పు పోగొడితే లాభం లేదు, ఇంటింటా దాని పిల్లలున్నాయి. కానీ వరహాలమ్మ ఏది మొదలుపెడితే వీధి అదే చేస్తుంది. కథంటే ఆవిడకి చిప్పే, ఫోనులోకి ఇంకో దారిన ఎక్కుతుందని తెలీదు. ఆవిడ ఫోనుకి చిప్పు పట్టే నోరే లేకపోతే ఆవిడ ఇంకో కథ పెట్టుకోక తప్పదు. ఆవిడ పెట్టుకుంటే వీధీ పెట్టుకుంటుంది. లోకమంతా తిట్టుకునే లోపమే తన పాలిట దేవుడిచ్చిన వరం అనుకుంది.

వరహాలమ్మ కొత్త ఫోనుని అటూ ఇటూ తిప్పి చూసింది. గోరు దూర్చడానికి సందు దొరకలేదు.

"వీపేదే దీనికి?"

"లేదత్తయ్యా. ఇప్పుడన్నీ ఇలాగే వస్తన్నాయి."

"బ్యాటరీ?"

"లోపలే ఉంటాదండి. తియ్యకూడదు."

"సిప్పో?"

"పట్టదండి."

"మరి దీనికేటుందని కొన్నావే," అంది వరహాలమ్మ. కానీ ఫోను నల్లగా, పల్చగా, అద్దంలా మెరుస్తోంది. బుల్లమ్మ వచ్చి చూసి ముక్కున వేలేసుకునేసరికి ఆవిడ మాట మారింది. "మా కోడలు కొంది. ఇప్పుడు గొప్పోళ్ళందరి దగ్గరా వీపులేని ఫోన్లేనట," అంది. గొప్ప అనే మాట చెవిన పడితే వరహాలమ్మ మొండి కత్తి కూడా నెత్తిన పెట్టుకుంటుంది. ఝాన్సీ లెక్కంతా ఆ గుణం మీదే.

బుల్లమ్మ పక్కింటి ముసలమ్మ. చెవులు సగం పోయాయి గానీ కళ్ళు చురుగ్గా ఉంటాయి. పాత ఫోనుని సిమ్ము తీసేసి ఆవిడకి ఇచ్చేశారు. రాత్రిపూట ఫోను కడుపులోనే ఉన్న నాలుగు భజన పాటలు చెవికి ఆనించుకుని వినడానికి. అప్పటినుంచీ ఆవిడ దాన్ని బొడ్లో సంచిలోంచి వదల్లేదు. చిప్పు మాత్రం వరహాలమ్మ ఇవ్వలేదు. లక్ష్మీదేవి కథ ఉన్న చిప్పు కదా, ఎవరికి పడితే వాళ్ళకి ఇస్తారా? కడిగి, తుడిచి, బంగారు గీతలున్న వైపే దాని ముఖం అనుకుని, ఆ గీతల మీద తడి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, పూజలో ఉండే కుంకుమ భరిణెలో పడుకోబెట్టింది. ఝాన్సీ చూసింది. ఒక్క మాట అనలేదు. అంత మంచి పని అత్తగారు చేస్తుంటే అడ్డుపడడం ఎందుకు?

మొదటి లక్ష్మివారం కొత్త ఫోనులో కొత్త కథ పెట్టింది ఝాన్సీ. నెట్లో వెతికి దింపింది. ఎవరో పట్నం ఆవిడ, ముక్కు సూటిగా, అక్షరం అక్షరం విడగొట్టి చెప్పింది. వార్తలు చదివినట్టుందని అందరూ మూతులు ముడిచారు. అయినా ఫోను వంక చూసి ఊరుకున్నారు. "ఆ తిట్టు లేదేటి?" అని మాత్రం ఒకావిడ అడిగింది. ఝాన్సీ హారతి పళ్ళెం ఆవిడ మొహానికి దగ్గరగా పట్టి, కళ్ళకద్దుకోమంది.

అయితే ఫోను ఝాన్సీ పక్షాన నిలబడలేదు. ఫోన్లకి ఎవరి పక్షమూ ఉండదు. పది రోజులకే నిండిపోయింది. వరహాలమ్మ చుట్టాలందరూ తెల్లారి లేచి పువ్వులూ దీపాలూ సూక్తులూ పంపేవాళ్ళు, వీడియోలు పంపేవాళ్ళు. ఆవిడ ఒక్కటి చెరపనిచ్చేది కాదు. 'చోటు లేదు' అని ఫోను రోజుకి నాలుగుసార్లు మొత్తుకునేది, రెండుసార్లు బిగుసుకునేది. పాత దాంట్లో అయితే ఇంకో చిప్పు కొని పెట్టేవాళ్ళు. దీంట్లో ఏం పెడతారు? ఎక్కడ పెడతారు? బిగుసుకుంటే దాని బ్యాటరీ అయ్యేదాకా కూర్చుని ఎదురుచూడ్డమే. పదకొండు వేలు పోసి ఇలాంటి బిగుసుకుపోయే దరిద్రాన్ని కొనుక్కునే జనాన్ని చూసి ఝాన్సీకే రోత పుట్టింది. తనైతే కావాలని కొంది. మిగతావాళ్ళకేం వచ్చింది?

ఆఖరి లక్ష్మివారం ముందురోజు వరహాలమ్మ తేల్చి చెప్పేసింది. "రేపు గానీ ఇది నా పరువు తీసిందా, బుల్లమ్మ దగ్గర నా ఫోను తెచ్చేసుకుంటాను. నా సిప్పు, నా కథ నాకున్నాది. వచ్చే ఏడు అదే."

ఝాన్సీ ఆ పూట ఫోను ముందు కూర్చుని, అత్తగారు కునుకు తీస్తుండగా నూట ఎనభై పువ్వుల్ని చెరిపింది.

మర్నాడు పది గంటలకి పధ్నాలుగు మంది వచ్చారు. కుంచం నిండింది, దీపం వెలిగింది, అందరి గుప్పిట్లోకీ అక్షింతలు వచ్చాయి. పాలతో అప్పటికే పరమాన్నం వండి, నైవేద్యం గిన్నె దేవుడి ముందు పెట్టేసింది ఝాన్సీ. పొయ్యి తుడిచేసింది. వచ్చి తలుపు పక్కన కూర్చుంది. పట్నం ఆవిడ కథ మొదలుపెట్టింది.

సగంలో, తెల్లారి వచ్చిన కొత్త పువ్వులతో మళ్ళీ నిండిన ఫోను బిగుసుకుంది. చోటు లేదన్న అక్షరాలు తెర మీదికొచ్చి, పట్నం ఆవిడ నోరు తెరుచుకున్న బొమ్మ అలాగే నిలబడిపోయింది. ఝాన్సీ మీట నొక్కి పట్టుకుంది. నిమిషం అయింది. రెండు నిమిషాలయింది. ఆవిడ నోరు మూయలేదు.

"బ్యాటరీ తీసి సీరకి తుడిసి ఎట్టవే," అంది బుల్లమ్మ.

"తియ్యడానికి దీనికి వీపెక్కడుంది, నా శ్రాద్ధం," అంది వరహాలమ్మ. ఫోనుని తీసుకుని మోకాలికేసి తట్టింది. గోళ్ళతో అంచులు గీకింది. పధ్నాలుగు మంది గుప్పిళ్ళు బిగించుకుని చూస్తున్నారు. ఎవరిళ్ళలో వాళ్ళకి ఒరిజినలు కథ ఉంది. కానీ తేవాలంటే లేవాలి. లేస్తే రూలు. పొద్దుట్నుంచీ ఎవరూ ఏమీ తినలేదు. ఒకావిడ గుప్పిట్లో అక్షింతలు చెమటకి ముద్దయిపోయి వేళ్ళ సందుల్లోంచి పసుపు కారుతోంది.

"నా ఫోను ఇలా తే," అని వరహాలమ్మ చెయ్యి చాపింది. బుల్లమ్మ బొడ్లోంచి తీసి ఇచ్చింది. వరహాలమ్మ కూర్చున్నచోట్నుంచే కుంకుమ భరిణె అందుకుని, చిప్పు తీసి, దులిపి, వీపు ఊడదీసి, పెట్టి, నొక్కింది. ఆవిడ మొహంలో అప్పటికే గెలుపు ఉంది.

'కార్డు లేదు,' అంది ఫోను.

మళ్ళీ తీసింది. చెంగుకి తుడిచింది. మూడు వారాల తడి పసుపూ కుంకుమా ఆ బంగారు గీతల మీద సిమెంటులా పట్టి ఉన్నాయి. మళ్ళీ పెట్టింది. మళ్ళీ కార్డు లేదు.

"ఓసోసి, నువ్వే సెప్పీయే వరాలూ. నీ నోట్లో కథే కదా," అంది బుల్లమ్మ.

వరహాలమ్మ గొంతు సవరించుకుంది. "అనగా అనగా కొండదిగువ ఒక ఊరు. ఆ ఊళ్ళో ఏడిళ్ళు," అని ఎత్తుకుంది. మొదటి ఇల్లు చెప్పింది. రెండో ఇంటికి వెళ్ళి మూడో ఇంటి కోడల్ని తెచ్చింది. ఆగింది. మళ్ళీ మొదటి ఇంటికి వచ్చింది. అక్కడక్కడే తిరిగింది. ఆరేళ్ళుగా కథని చిప్పుకి అప్పజెప్పి తను ఊకొడుతూ కూర్చున్న మనిషికి కథ ఎలా ఉంటుంది? ఆవిడ చూపు కుంచం మీదకి, దీపం మీదకి, చివరికి నేల మీదకి దిగిపోయింది. ఇన్నేళ్ళలో ఝాన్సీ ఎన్నడూ చూడని చూపది. చూసి కోడలికి జాలి వేసిందని చెప్పాలని ఉంది. కానీ వెయ్యలేదు.

"నేను సెప్తాను," అంది ఝాన్సీ.

"నీకేటొచ్చు?" అంది వరహాలమ్మ తలెత్తకుండానే.

"ఆరేళ్ళు ఇన్నానత్తయ్యా. మొదటి ఏడు రెండుసార్లు ఇన్నాను."

బుల్లమ్మ పాత ఫోనుని తన చేతిలోకి లాక్కుని, వేలితో తడిమి, ఎర్రచుక్క వెలిగించింది. "నాకు సరిగ్గా ఇనపడి సావదు. రికార్డు సేసుకుని ఇంటికెళ్ళి సెవిలో ఎట్టుకుంటాను. గట్టిగా సెప్పు," అని ఝాన్సీ ముందు పెట్టింది.

ఝాన్సీ చెప్పింది. వరహాలమ్మ రాగం, వరహాలమ్మ ఊపు, ఎక్కడ ఊపిరి తీస్తుందో అక్కడే ఊపిరి. ఆరిళ్ళూ ఒక్క మాట పోకుండా వచ్చాయి. ఆడవాళ్ళ తలలు ఊగడం మొదలుపెట్టాయి. ఆరేళ్ళు ఒకే తిట్టు కోసం చెవులు రిక్కించి కూర్చుంటే, చుట్టూ ఉన్న కథంతా ఝాన్సీకి కంఠస్థం అయిపోయిందని ఆ వీధిలో ఎవరికీ తోచలేదు.

ఏడో ఇల్లు వచ్చింది.

"అప్పుడు లచ్చిందేవి కుడికాలు గడప మీద ఎట్టి ఏటందంటే," అని ఝాన్సీ ఆగింది.

తలలు ఊగడం ఆగింది. పధ్నాలుగు మంది ఆవిడ నోటివంకే చూస్తున్నారు. ఇద్దరి పెదవులైతే అప్పటికే 'ఒసే' అనడానికి తయారుగా ఉన్నాయి. ఝాన్సీకి అసలు మాట తెలుసు. పెళ్ళయిన కొత్తలో, ఇంకా చిప్పు పుట్టకముందు, రెండేళ్ళు అత్తగారి నోటనే విన్నది. అది నాలిక చివర ఉంది. ఎర్రచుక్క వెలుగుతోంది.

"అత్తయ్యా," అంది గట్టిగా, రాగం చెడకుండా, ఎక్కడా మర్యాద తప్పకుండా. "పాలు పొంగిపోతన్నాయి. సూడండి."

వరహాలమ్మ ఉలిక్కిపడింది. ఆ రాగానికి ఇంట్లో ఎవరో ఒకరు లేవడం ఆరేళ్ళ అలవాటు. ఆవిడే లేచింది. గుప్పిట బిగించుకునే, మోకాళ్ళ మీద చెయ్యి ఆనించి లేచి, వంటింట్లోకి నడిచింది.

"అనీసరికి ఆ ఇల్లాలు తలొంచుకుని లోపలికెళ్ళింది," అంది ఝాన్సీ.

ఎవరో కిసుక్కున నవ్వి, నోరు మూసుకున్నారు. ఝాన్సీ నవ్వలేదు. మిగతా కథ అంతా, లక్ష్మీదేవి ఆ ఇంట్లో కుదురుకునేదాకా, తొందరపడకుండా చెప్పింది. అందరూ అక్షింతలు వేశారు. బుల్లమ్మ ఎర్రచుక్క ఆర్పింది.

వరహాలమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచి నిలబడిందో ఎవరూ చూడలేదు.

"పొయ్యి మీద పాలు లేవే," అంది.

"లేవత్తయ్యా," అంది ఝాన్సీ. "పొద్దున్నే అయిపోయాయి."

వరహాలమ్మ కోడలి వంక తిరిగింది. తిడుతుందని అందరూ అనుకున్నారు. నోరు తెరిచింది కూడా. చుట్టూ పధ్నాలుగు మంది ఉన్నారు, నేల మీద ఫోను ఉంది. నోరు మూసేసింది.

"మధ్యలో లేసిపోనావు కదే వరాలూ," అంది బుల్లమ్మ, నిజంగానే విచారంగా. "మళ్ళీ మొదట్నుంచీ ఇనాల నువ్వు."

అది వరహాలమ్మ రూలు. ఇన్నేళ్ళలో ఎవరికీ మినహాయింపు ఇవ్వని రూలు. నెలలు నిండుతున్న కోడలికే ఇవ్వనిది తనకెలా ఇచ్చుకుంటుంది? ఆవిడ వచ్చి కుంచం ముందు చతికిలబడింది. ఆకలిగా ఉన్నా ఆడవాళ్ళెవరూ కదల్లేదు. ఇలాంటిది చూడకుండా పోయే భక్తులు కారు వాళ్ళు. ఝాన్సీయే అందరికీ పరమాన్నం పెట్టి, బొట్టుపెట్టి, వాకిలి దాకా సాగనంపింది.

బుల్లమ్మ మాత్రం మిగిలింది. ఫోను మళ్ళీ పైకెత్తి, "ఇది కూడా రికార్డు సెయ్యమంటావేటే?" అంది.

"అక్కర్లేదు మామ్మా. మొదటిది సాలు. గిరిబాబుకిచ్చీ. చిప్పుల్లోకి వాడే ఎక్కిస్తాడు," అంది ఝాన్సీ.

బుల్లమ్మ ఫోను బొడ్లో దోపుకుని వెళ్ళిపోయింది. సావిట్లో అత్తా కోడలూ మిగిలారు. వీపులేని ఫోను ఓ మూల నోరు తెరుచుకునే ఉంది. ఝాన్సీ అత్తగారికి ఎదురుగా కూర్చుని కథ మళ్ళీ ఎత్తుకుంది. ఆరిళ్ళూ తిరిగి ఏడో గడప దగ్గరికి వచ్చింది.

"అప్పుడు లచ్చిందేవి కుడికాలు గడప మీద ఎట్టి ఏటందంటే, దాహంగా ఉన్నాది తల్లీ, సెంబుడు నీల్లియ్యి అంది."

వరహాలమ్మ తల చివ్వున ఎత్తింది. "అదేనే ఆ మాట," అంది. "అదే. మా అత్త అలాగే సెప్పేది."

"లేవకండి," అంది ఝాన్సీ. "ఇంకా ఉంది."

లక్ష్మీదేవి అసలు మాట వరహాలమ్మ ఒక్కతే విన్నది. వీధికి మాత్రం వచ్చే మార్గశిరం నుంచీ అత్తగారిని పాలకి లేపిన చిప్పే ఒరిజినలు.